చేవెళ్ళ రోడ్డు పక్కన ఐదు మీటర్ల జాగా

మొయినాబాద్ దాటాక, రోడ్డు వారన మర్రిచెట్టు కింద మక్కకంకులు కాల్చి అమ్మే ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. "కార్లకు కరెంటు పెట్టే మిషన్లు గీడ పెడ్తరంట, నిజమేనా మేడం?" అంతకు రెండు రోజుల ముందు ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి ఆమె కూర్చున్న చోట కొలతలు తీసుకున్నారట. గంప కొంచెం జరపమన్నారట. ఎవరు, ఏ ఆఫీసు అంటే ఆమెకు తెలియదు. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కావచ్చు, మరెవరైనా కావచ్చు. పక్కన జామకాయలు పెట్టుకున్న ముసలమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "ఏదో ఒకటి పెడ్తరు బిడ్డా. మనల్ని లేపనీకే కదా కొలిచేది."

నాకు జవాబు తెలియలేదు. వీధి వ్యాపారం చేసుకునే స్త్రీలతో ఇన్నేళ్ళుగా పని చేస్తున్నానని చెప్పుకుంటాను. తీరా ఒక చిన్న ప్రశ్న అడిగితే నోరు మూసుకుని కంకి తిని వచ్చాను. ఆ తర్వాత కూర్చుని ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ పాయింట్లకు సంబంధించిన నియమాలు దొరికినన్ని చదివాను. వాటిలో ఏముందో, ఏం లేదో మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

కరెంటు శాఖ కాగితాలు మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. వరకట్నం చట్టం, గృహహింస చట్టం, భూమి పట్టాలు, ఇవి మన విషయాలు, ఛార్జింగ్ స్టేషన్లు మగవాళ్ళ విషయం అని మనకు తెలియకుండానే ఒక విభజన చేసుకున్నాం. కానీ 1992లో దూబగుంట తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సారా పాటలు ఎప్పుడు జరుగుతాయో, ఎక్కడ జరుగుతాయో తెలుసుకుని మరీ స్త్రీలు ఆఫీసుల ముందు బైఠాయించారు. ఎక్సైజు శాఖ లెక్కలు ఆడవాళ్ళకెందుకని ఎవరూ అనుకోలేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిందంటే అందులో ఆ లెక్కలు తెలుసుకోవడం కూడా ఒక భాగమే. రోడ్డు వార జాగా ఎవరికి దక్కుతుందనేది ఇప్పుడు ఇలాంటి కాగితాల్లోనే నిర్ణయమవుతోంది.

విషయంలోకి వస్తాను. ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో మొదటి మార్గదర్శకాలు వచ్చాయి. 2022 జనవరిలో వాటిని మార్చి రాశారు. నగరాల్లో ప్రతి మూడు కిలోమీటర్ల చదరంలో కనీసం ఒక స్టేషన్, రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఒక్కొక్కటి అన్నారు. 2024 సెప్టెంబరులో వీటి స్థానంలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు లక్ష్యాన్ని ఇంకా పెంచాయి. పట్టణ ప్రాంతాల్లో 2030 నాటికి ప్రతి కిలోమీటరు చదరానికీ ఒకటి, రహదారుల మీద ప్రతి 20 కిలోమీటర్లకు ఇటూ అటూ ఒకటి ఉండాలట.

ఈ లెక్కను మన రోడ్డుకు అన్వయించి చూడండి. హైదరాబాద్‌లో పోలీస్ అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు బీజాపూర్ రోడ్డు 46 కిలోమీటర్లు. అంటే ఒక్కో వైపు కనీసం రెండు స్టేషన్లు. జనం ఆగే చోటు, కరెంటు అందే చోటు, హోటళ్ళు ఉండే చోటు చూసుకుని పెడతారు కాబట్టి అవి ఎక్కడ వస్తాయో చెప్పడానికి జోస్యం తెలియనక్కరలేదు. ఒకటి మొయినాబాద్, ఒకటి చేవెళ్ళ. ఆడవాళ్ళు గంపలు దించుకునేదీ అక్కడే. జనం ఆగే చోటనే కదా ఎవరైనా అమ్ముకునేది!

భూమి సంగతి చూస్తే, ప్రభుత్వ భూమిలో ఛార్జింగ్ స్టేషన్ పెట్టే ప్రభుత్వ సంస్థ అమ్మిన ప్రతి యూనిట్‌కు ఒక రూపాయి చొప్పున వాటా ఇస్తే చాలునని, ఈ ఏర్పాటు మొదట పదేళ్ళు ఉంటుందని 2022 మార్గదర్శకాలు చెప్పాయి. ప్రైవేటు వాళ్ళయితే ఆ రూపాయి కనీస ధరగా వేలంపాట. ఆదాయంలో వాటా తీసుకుని భూమి ఇచ్చే పద్ధతిని 2024లోనూ వదులుకోలేదు. నాకిందులో తప్పేమీ కనిపించలేదు, చాలా ఉదారంగా ఉందనిపించింది. అమ్మితేనే వాటా, అమ్మకపోతే ఏమీ లేదు. ఇంతటి ఉదారత వారపు అంగట్లో ఏ ఆడమనిషికి దొరికింది? తైబజారు చిట్టీ చించేవాడు గంప దించీ దించకముందే వచ్చి నిలబడేవాడు. బేరమైందా లేదా అని అడిగినవాడు లేడు.

ఇక కొలతలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్ స్టేషన్లకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. నిలిపిన బండి ఛార్జింగ్ పాయింటుకు ఐదు మీటర్ల లోపల ఉండాలి. ప్లగ్గు పెట్టే సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. మధ్యలో అతుకు వైరు వాడకూడదు. వానలో షాకు కొట్టకుండా, బండి కాలిపోకుండా ఎంతో జాగ్రత్తగా రాసిన నిబంధనలు ఇవి. రాసినవాళ్ళను మెచ్చుకోవాల్సిందే. అయితే బండికీ స్తంభానికీ మధ్య ఉన్న ఆ ఐదు మీటర్లలో నడిచిపోయే మనిషి ఉంటుందని, కూర్చుని బతికే మనిషి ఉంటుందని ఎవరికీ తోచినట్టు లేదు. నేను చదివినంతలో ఆ చోట ముందు ఎవరున్నారో చూడమని చెప్పే వాక్యం ఒక్కటీ కనబడలేదు.

మరోసారి వెళ్ళినప్పుడు నేను కూడా టేపు పట్టుకెళ్ళాను. కారు నిలపడానికి సుమారు ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. ఆ మర్రిచెట్టు కింద అంత జాగాలో ముగ్గురు బతుకుతున్నారు. కంకులామె పొయ్యి, బొగ్గుల సంచి, కంకుల కుప్ప. జామకాయల ముసలమ్మ గంప, పీట. ఆ పక్కన టమాటాలు, వంకాయలు కుప్పలుగా పోసుకున్న ఒక చిన్నామె, ఆమె వెనక చీర ఉయ్యాలలో పిల్ల. టేపు చూడగానే ముసలమ్మ ముఖం మాడ్చుకుంది. "నువ్వు గూడనా?" అంది. ఆమెను సముదాయించడానికి నాకు అరగంట పట్టింది.

ఈ రోడ్డు సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. కర్ణాటక వైపు పోయే ఈ దారికి రెండు పక్కలా పాత మర్రిచెట్లున్నాయి. నాలుగు వరసలుగా రోడ్డు విస్తరించాలనుకున్నప్పుడు సుమారు తొమ్మిది వందల మర్రిచెట్లు దెబ్బతింటాయని పర్యావరణ కార్యకర్తలు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. ఏళ్ళ తరబడి కేసు నడిచింది. ఈలోపు ఇరుకు రోడ్డు మనుషులను తింటూనే ఉంది. 2024 డిసెంబరు 2న చేవెళ్ళ మండలం ఆలూరు స్టేజీ దగ్గర అదుపు తప్పిన లారీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ళ మీదికి దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. 2025 నవంబరు 3 తెల్లవారుజామున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకర మీద పడి ఊపిరాడక పోయినవాళ్ళతో కలిపి 19 మంది చనిపోయారు. చదువులకూ కొలువులకూ పట్నం పోయే ఆడపిల్లలు రోజూ ఎక్కే దారి అది.

చెట్లు ఉండాలన్నవాళ్ళు, రోడ్డు కావాలన్నవాళ్ళు ఇద్దరూ న్యాయమైన మాటే మాట్లాడారు. నేనిక్కడ ఆ తగువు తీర్చబోవడం లేదు. నన్ను కలవరపెట్టేది మరొకటి. ఈ దారిలో మర్రిచెట్లకు లెక్క ఉంది. ఎన్ని ఉన్నచోటే ఉంటాయి, ఎన్నింటిని వేరేచోట నాటాలి అని ఒక్కొక్క చెట్టునూ లెక్కపెట్టారు. అది మంచి పని. రోజుకు ఎన్ని బండ్లు పోతాయో కూడా లెక్క ఉంటుంది, లేకపోతే రోడ్డు ఎంత వెడల్పు చేయాలో తెలియదు. ఆ చెట్ల కింద, ఆ బండ్ల పక్కన ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుంటారో మాత్రం నాకెక్కడా లెక్క దొరకలేదు. ఆలూరులో చనిపోయినవాళ్ళను మనం లెక్కపెట్టింది చనిపోయిన తర్వాతే.

లెక్కపెట్టాలని చెప్పే చట్టం లేదా అంటే, ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి, అమ్ముకునేవాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. ఒకవేళ చోటు మార్చాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ వ్యాపార కమిటీ వేయాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. చట్టంలో ఇంత స్పష్టంగా స్త్రీల ప్రాతినిధ్యం రాసుకోవడానికి ఎన్ని సంఘాలు ఎన్నేళ్ళు తిరిగాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు.

అయితే ఈ చట్టానికి ఒక పెద్ద కంత ఉంది. ఇది మున్సిపాలిటీలకూ, నగరాలకూ రాసిన చట్టం. గ్రామ పంచాయతీలో రోడ్డు పక్కన కూర్చున్న మనిషికి ఇది వర్తించదు. ఆలూరు స్టేజీ దగ్గర కూరగాయలు అమ్మే ఆమె, చార్మినార్ దగ్గర గాజులు అమ్మే ఆమె ఒకే పని చేస్తున్నా, ఒకామెకు చట్టం ఉంది, ఇంకొకామెకు లేదు. చాలామంది కార్యకర్తలకు కూడా ఈ సంగతి తెలియదు. నాకూ ఆలస్యంగానే తెలిసింది.

అందుకే 2025లో చేవెళ్ళ, మొయినాబాద్ కొత్త మున్సిపాలిటీలు కావడం మనకు ముఖ్యమైన విషయం. ఇంటి పన్ను పెరుగుతుందనీ, ఉపాధి హామీ పని పోతుందనీ అక్కడి ఆడవాళ్ళకు భయాలున్నాయి. అవి నిజమైన భయాలే, వాటి గురించి విడిగా రాయాలి. కానీ మున్సిపాలిటీ అయిన రోజు నుంచి ఆ రెండు పట్టణాల్లో అమ్ముకునే స్త్రీకి ఆ 2014 చట్టం అందుబాటులోకి వచ్చింది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఛార్జింగ్ కంపెనీలకు మాత్రం వాళ్ళ హక్కులు కంఠతా వచ్చు. ఎందుకంటే వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించి, కొత్త కరెంటు కనెక్షన్ మెట్రో నగరాల్లో మూడు రోజుల్లో, మున్సిపాలిటీల్లో ఏడు రోజుల్లో, గ్రామాల్లో పదిహేను రోజుల్లో ఇవ్వాలని రాశారు. ఛార్జింగ్ స్టేషన్లకూ ఇదే గడువు. అంటే మున్సిపాలిటీ కావడం వల్ల మొయినాబాద్‌లో ఛార్జింగ్ పాయింటుకు కనెక్షన్ గడువు పదిహేను రోజుల నుంచి ఏడు రోజులకు తగ్గింది. కంకులామె సర్టిఫికెట్టుకు ఎన్ని రోజులు? నేను చదివినంతలో ఆ అంకె కనబడలేదు.

మరో చిక్కు ఉంది. ఈ రోడ్డు జాతీయ రహదారి. రహదారి భూమి మీద అనుమతి లేకుండా ఉన్నవాళ్ళను తొలగించే అధికారం 2002 నాటి చట్టం ఒకటి రహదారి అధికారులకు ఇచ్చింది. రేపు మున్సిపాలిటీకి వెళ్ళి అడిగితే "అది మా భూమి కాదు, హైవే వాళ్ళది" అంటారు. హైవే వాళ్ళను అడిగితే "వ్యాపారుల సంగతి మున్సిపాలిటీది" అంటారు. ఇలాంటి బంతాట మనం చాలాసార్లు చూశాం. ఒక ఆఫీసులో ఒక ఇంజనీరు నాతో చాలా మర్యాదగానే అన్నాడు, "మేడం, ఛార్జర్‌కు పర్మిషన్ అడిగేవాడు దరఖాస్తుతో వస్తాడు, ఫైలు తయారవుతుంది. మీ వాళ్ళకు ఫైలే లేదు కదా." నాకు కోపం వచ్చింది. బస్సులో వస్తూ ఆలోచిస్తే అతను నిజమే చెప్పాడనిపించింది.

నడిచేవాళ్ళ సంగతి కూడా కొంచెం మాట్లాడుకోవాలి. చేవెళ్ళ అంటే రాజకీయాల్లో పాదయాత్రలు మొదలయ్యే ఊరు. 2003 ఏప్రిల్‌లో రాజశేఖర్ రెడ్డి అక్కడి నుంచే నడక మొదలుపెట్టాడు, 2021 అక్టోబరులో ఆయన కూతురు షర్మిల కూడా అక్కడి నుంచే బయలుదేరింది. అలాంటి ఊరి గుండా బస్టాండు నుంచి బడికి నడిచే పిల్లకు చాలామేర ఫుట్‌పాత్ లేదు. అడుగడుగునా మట్టి, మోరీ, నిలిపిన బండ్లు. నడిచే దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డం లేకుండా ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం రాసిపెట్టింది. నడిచేవాళ్ళకు ఫుట్‌పాత్ ఉండడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. కొత్తగా రోడ్డు వేసేటప్పుడు ఆ 1.8 మీటర్లు వదిలి, ఆ తర్వాతే స్తంభమైనా యంత్రమైనా పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఫ్లెక్సీ స్తంభం, ఇప్పుడు ఛార్జర్, ఒక్కొక్కటీ ఫుట్‌పాత్ ఎక్కి కూర్చుంటే నిండు నెలల మనిషి, చక్రాల కుర్చీలో వెళ్ళే మనిషి, చంకలో పిల్ల ఉన్న మనిషి లారీలు పోయే రోడ్డు మీదికి దిగాల్సిందే. ఇంగ్లండులో ఈ గొడవ ముందే వచ్చింది. వికలాంగుల సంస్థ ఒకటి పట్టుబట్టి ప్రమాణాల సంస్థతో కలిసి పనిచేస్తే 2022 అక్టోబరులో ఛార్జింగ్ పాయింట్లకు ఒక ప్రమాణం తయారైంది. చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి, తెర ఎంత ఎత్తున ఉండాలి, వెలుతురు ఎంత ఉండాలి అని అందులో రాశారు. అది నిర్బంధం కాదు, కానీ రాసిపెట్టి ఉంది కాబట్టి అడగడానికి ఒక ఆధారం ఉంది.

ఇదంతా చదివి నేను ఎలక్ట్రిక్ బండ్లకు వ్యతిరేకినని అనుకోవద్దు. పొద్దుట ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా రోడ్డు పక్కన కూర్చుని డీజిలు పొగ మింగేది ఎవరు? ఆ ముసలమ్మకు ఉబ్బసం ఉంది. అద్దాలు మూసుకుని పోయే కారులో కూర్చున్నవాళ్ళ కంటే పొగ లేని బండ్ల వల్ల ఆమెకే ఎక్కువ మేలు. కానీ ఆ మేలు ఆమెకు అందాలంటే ఆమె ఆ చోట ఉండాలి కదా?

పైగా ఆ కంకులామె నాకంటే తెలివిగా ఆలోచించింది. కారుకు కరెంటు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. మిషన్‌ను బట్టి అరగంట, గంట, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చన్నాను. ఆమె నవ్వింది. "పెట్రోలు బంకుల ఐదు నిమిషాలల్ల పోతరు. అరగంట ఆగితే కంకి తినరా? పెట్టమను, మా పక్కకే పెట్టమను. మమ్మల్ని లేపుమని ఎవలన్నరు?" నేను హక్కుల గురించి, తొలగింపుల గురించి ఆలోచిస్తూ ఉంటే ఆమె గిరాకీ గురించి ఆలోచించింది. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఎండ ఉన్న వేళ, అంటే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు సోలార్ కరెంటు ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి ఛార్జింగ్ స్టేషన్లకు ఆ వేళల్లో సగటు సరఫరా ఖర్చులో పదింట ఏడో వంతుకు, మిగతా వేళల్లో దానికి ఒకటింబావుకు మించిన రేటుకు కరెంటు ఇవ్వాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే కార్లను పగలు ఆపి ఛార్జింగ్ పెట్టుకోమని ప్రోత్సాహం. ఆమె గంప పెట్టుకుని కూర్చునేదీ పగలే. శని, ఆదివారాల్లో మొయినాబాద్ ఫాంహౌసులకూ, చిలుకూరు గుడికీ వచ్చే కార్లే ఆమె గిరాకీ. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు.

కాబట్టి అడగాల్సింది "ఛార్జింగ్ పాయింట్లు వద్దు" అని కాదు. ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి అన్నది మన ప్రశ్న కావాలి. సర్వే జరిగి, వ్యాపార కమిటీ కూర్చున్నాకే రోడ్డు వార జాగా ఎవరికైనా ఇవ్వాలని రెండు మున్సిపాలిటీలనూ అడగాలి. ఛార్జింగ్ స్థలం ఖరారు చేసే ముందు ఆ కమిటీలోని స్త్రీ సభ్యుల సంతకం ఉండాలని అడగాలి. బంకులు, హోటళ్ళ ఆవరణలు, బస్టాండ్లు, ఫాంహౌసుల సొంత జాగాలు ఇన్ని ఉండగా మొదట రోడ్డు వారే ఎందుకు గుర్తొస్తుందో అడగాలి. రోడ్డు వారే పెట్టాల్సి వస్తే, లారీల దారికి దూరంగా లోపలికి జరిపి, బండ్లు ఆగే చోటునూ అమ్ముకునే చోటునూ ఒకే ఆవరణగా కట్టి, మధ్యలో గట్టి దిమ్మెలు పెట్టాలి. ఆలూరు లాంటిది మళ్ళీ జరగకుండా ఉండాలంటే అమ్ముకునేవాళ్ళను తరిమేయడం ఒక్కటే మార్గమని అధికారులు అంటారు. లోపలికి జరిపి కట్టడం కూడా మార్గమే, దానికి కొంచెం ఖర్చవుతుంది, అంతే. అక్కడ దీపం, నీళ్ళ పంపు, మరుగుదొడ్డి ఉండాలి. పధ్నాలుగు గంటలు కూర్చునే మనిషికి మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానేసుకుంటారని ఈ పత్రికలో ఎన్నిసార్లు రాసుకున్నామో! రాత్రి పూట ఒంటరిగా స్కూటీకి ఛార్జింగ్ పెట్టుకుని నిలబడే నర్సుకు కూడా ఆ దీపమే, ఆ పక్కన కూర్చున్న ఆడవాళ్ళే ధైర్యం.

మరి నడిపేది ఎవరు? 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య పెట్రోలు బంకు మొదలుపెట్టింది. అదే ఏడాది మార్చిలో మహిళా సంఘాల బస్సులు ఆర్టీసీకి అద్దెకు తిరగడం మొదలైంది. బంకు నడపగలిగిన సంఘాలు ఛార్జింగ్ స్టేషన్ నడపలేవా? యూనిట్‌కు రూపాయి వాటా మీద పదేళ్ళు జాగా ఇచ్చే సౌకర్యాన్ని సమాఖ్యలకూ ఇమ్మని అడగవచ్చు. ఇక్కడ నాకు ఒక భయం లేకపోలేదు. సంఘాల పేరు మీద అప్పు తెచ్చి, యంత్రం ఎవరో అమ్మి, నష్టం వస్తే వాయిదాలు ఆడవాళ్ళ నెత్తిన పడడం మనం కళ్ళారా చూశాం. బండ్లు ఎన్ని వస్తాయో తెలియకముందే లక్షల యంత్రం అంటగడితే ఒప్పుకోకూడదు. భూమి, కనెక్షన్, యంత్రం ప్రభుత్వం పెట్టి, నడపడం సంఘానికి ఇస్తే అది వేరే మాట.

బస్సు సంగతి చెప్పకుండా ముగించలేను. రాష్ట్రంలో ఎలక్ట్రిక్ బండి కొన్నవాళ్ళకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు లేకుండా 2024 నవంబరులో జీవో 41 వచ్చింది, 2026 చివరి వరకు. కారు కొనగలిగినవాళ్ళకు అది పెద్ద మొత్తమే. చేవెళ్ళ, మొయినాబాద్ ఆడవాళ్ళ బండి మాత్రం బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి బస్సులో టిక్కెట్టు లేకుండా వెళ్తున్నారు, కిక్కిరిసి వెళ్తున్నారు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 10,900 కోట్ల రూపాయలు కేటాయించి, అందులో ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు పెట్టింది. హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు ఇస్తామంది. ఆ బస్సుల్లో కొన్నయినా ఈ రోడ్డు మీద తిరగాలని, వాటికి కావలసిన ఛార్జర్లు కార్లవాటి కంటే ముందు పెట్టాలని అడగడం మనకు న్యాయమైన కోరికే.

ఇప్పుడు మేం చేస్తున్నది చాలా చిన్న పని. ఫైలు లేదన్నాడు కదా ఆ ఇంజనీరు, ఫైలు తయారు చేస్తున్నాం. బడిపిల్లల రూళ్ళ నోటుపుస్తకం ఒకటి కొని, మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా రోడ్డు వార కూర్చునే ఒక్కొక్కరి పేరు, ఏం అమ్ముతారు, ఎన్నేళ్ళుగా, ఎంత జాగా అని రాస్తున్నాం. సర్వే చేయాల్సింది మున్సిపాలిటీయే, మా పుస్తకం దానికి బదులు కాదు. కానీ సర్వేకు వచ్చినవాళ్ళు "ఇక్కడ ఎవరూ లేరు" అని రాసుకుపోకుండా ఉండడానికి పనికొస్తుంది. నకలు రెండు మున్సిపాలిటీలకూ, రంగారెడ్డి కలెక్టరుకూ, రహదారి అధికారులకూ ఇచ్చి ముద్ర వేయించుకుంటాం.

జామకాయల ముసలమ్మ మొదట పేరు చెప్పనంది. పక్కామె చెప్పి చూసి, చివరికి తనే పిలిచి రాయించుకుంది. ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నావని అడిగితే లెక్క చెప్పలేక, "మా అత్త కూసునేది, అటెన్క నేను" అంది. అలాగే రాశాం. జాగా దగ్గర ఏం రాయాలో మాకు తెలియలేదు. ఇంటి నంబరు లేదు, సర్వే నంబరు లేదు. చెట్ల కేసు కోసం మర్రిచెట్లకు నంబర్లు వేశారని విన్నాను. వచ్చే శనివారం వెళ్ళినప్పుడు ఆమె చెట్టుకు నంబరు ఉందేమో చూడాలి. ఉంటే అదే రాస్తాం.